ఇంటి పెరటికి ఏ పండ్ల చెట్టు? జామ, నిమ్మ, సపోటా, మామిడి, సీతాఫలాల మధ్య ఎంపిక

రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నాక చుట్టూ మిగిలే నేల చాలా తక్కువ. వెనుక వైపు పది పన్నెండు అడుగుల వెడల్పున ఒక పట్టీ, ముందు గేటు పక్కన ఒక మూల, అంతే. ఆ కాస్త చోటులోనే ఒక పండ్ల చెట్టు ఉండాలని చాలామంది కోరుకుంటారు. తొలకరి పడగానే నర్సరీకి వెళ్లి, సంచిలో ఉండగానే కాయ పట్టిన మొక్కను చూసి ముచ్చటపడి, ఇంటిల్లిపాదికీ ఏ పండు ఇష్టమైతే ఆ మొక్కనే తెచ్చి నాటుతారు. నాలుగైదేళ్లు గడిచేసరికి మామిడి కొమ్మలు పక్కింటి గోడ దాటి పేచీలు తెస్తాయి, నీడలో పెట్టిన నిమ్మ ఆకులతోనే సరిపెడుతుంది, దానిమ్మ కాయలు పండకముందే పగిలిపోతాయి. ఆ మొక్కల్లో లోపమేమీ లేదు. చోటుకు తగని మొక్కను ఎంచుకోవడం వల్ల వచ్చే చిక్కులివి.

అందువల్ల ఎంపికను పండు రుచితో కాక చోటుతో మొదలుపెట్టాలని గట్టిగా చెప్పదలచుకున్నాను. ఎండ ఎంతసేపు పడుతుంది, నేల ఎలాంటిది, బోరు నీరు ఎంత ఉప్పగా ఉంది, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పోసేవారు ఇంట్లో ఉంటారా అన్న ప్రశ్నలకు జవాబు దొరికాక, ఆ చోటు ఒప్పుకునే మొక్కల్లోంచి ఇష్టమైనదాన్ని తెచ్చుకోవచ్చు. నా సలహా ముందే చెబుతాను. ఒకే చెట్టుకు చోటు ఉన్న ఇంట్లో జామ, రెండో చెట్టుకు కూడా చోటు ఉంటే నిమ్మ, ఇరవై అడుగులకు మించిన ఖాళీ, ఓపిక రెండూ ఉన్నవారికి సపోటా, నీళ్లు సరిగా అందని చోట సీతాఫలం తగినవి. మామిడిని మాత్రం కొన్ని షరతులతోనే సూచిస్తాను. ఈ వరుసకు కారణాలు కింద వివరిస్తున్నాను.

ముందు చోటును చూడాలి

పండ్ల చెట్టు బాగా కాయాలంటే రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. దీన్ని లెక్కగట్టడంలో ఒక పొరపాటు జరగడానికి ఆస్కారం ఉంది. మొక్కలు నాటే జూన్ నెలలో సూర్యుడు మధ్యాహ్నం మన నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కనుక ఇంటికి ఉత్తరం వైపున్న పట్టీలో కూడా ఎండ నిండుగా కనిపిస్తుంది. అదే డిసెంబరుకు సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. హైదరాబాదులో ఆ నెల మధ్యాహ్నం వేళ ఇరవై అడుగుల ఎత్తున్న ఇంటి నీడ ఉత్తరం వైపు సుమారు పదిహేడు అడుగుల దాకా పడుతుంది. మామిడికి పూత వచ్చే కాలం, నిమ్మ ప్రధాన పూతకు సిద్ధమయ్యే కాలం కూడా సరిగ్గా అదే. కాబట్టి ఉత్తరపు పట్టీ ఒక్కటే ఉన్న ఇంట్లో ఆ రెండింటి మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది. నైరుతి వైపు పెద్ద చెట్లు ఉండవచ్చునని మన పెద్దలు చెప్పే మాట ఎండ లెక్కకు కూడా బాగానే సరిపోతుంది. అక్కడ చెట్టుకు ఎండ దక్కుతుంది, ఇంటి గోడలకు సాయంత్రపు వేడి తగ్గుతుంది.

నేల విషయంలో రంగు కన్నా నీరు ఇంకే తీరు ముఖ్యం. రెండడుగుల లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయాలి. మరునాటి ఉదయానికి కూడా నీరు నిలిచి ఉంటే ఆ చోట బొప్పాయి, నిమ్మ, దానిమ్మ నిలవవు. జామ మాత్రం కొంతవరకు తట్టుకుంటుంది. నల్లరేగడి నేలల్లో అడుగు, అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ వేసి, దాని మీద నాటితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. కొత్తగా కట్టిన ఇళ్ల దగ్గర మరో సమస్య పైకి కనిపించకుండా ఉంటుంది. గోడ వారన మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కల మీద మట్టి కప్పేసి వదిలేస్తారు. ఆ మట్టికి క్షారగుణం పెరగడంతో వేర్లకు ఇనుము, జింకు అందక, ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య ఆకు పాలిపోతుంది. నిమ్మలో ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. అటువంటి చోట రెండు మూడు అడుగుల మేర ఆ చెత్తంతా తీయించి, చెరువు మట్టో ఎర్రమట్టో నింపిన తర్వాతే మొక్క సంగతి ఆలోచించాలి.

బోరు నీళ్లు పట్టిన బకెట్టు అంచున, కుళాయి చుట్టూ తెల్లని పొర పేరుకుంటున్నదంటే ఆ నీటిలో లవణాలు ఎక్కువని అర్థం. సపోటా, దానిమ్మ అటువంటి నీటిని బాగా ఓర్చుకుంటాయి, జామ ఒక మోస్తరుగా ఓర్చుకుంటుంది. నిమ్మ, మామిడి ఆకుల అంచులు మాడిపోతాయి. ఇక గోడకు ఎంత దూరం అన్న ప్రశ్నకు, జామ, నిమ్మ, సీతాఫలాలకు ఆరేడు అడుగులు చాలు. మామిడి, సపోటాలను ఇంటి పునాదికీ, సంపుకూ, సెప్టిక్ ట్యాంకుకూ కనీసం పదిహేను అడుగుల దూరంలో పెట్టాలి. పైన కరెంటు తీగలు ఉంటే ఆ రెండింటి ఊసే వద్దు.

జామ

జామను మొదటి స్థానంలో పెట్టడానికి అసలు కారణం దాని కాపు తీరులో ఉంది. జామ కొత్తగా వచ్చిన చిగురు మీదే పూస్తుంది. కొమ్మను కత్తిరించిన రెండు మూడు వారాల్లో కోత కింది కణుపు నుంచి ఎదురెదురుగా రెండు చిగుళ్లు వస్తాయి. ఆ చిగురు నాలుగైదు జతల ఆకులు వేశాక, ఆకు కాడ మొదట్లో గుండ్రని పచ్చని మొగ్గ కనిపిస్తుంది. అంటే చెట్టును కత్తిరించి చిన్నగా ఉంచడమూ, కాయలు ఎక్కువ తీసుకోవడమూ ఇక్కడ ఒకే పని. ఏడెనిమిది అడుగుల ఎత్తుకు మించనీయకుండా, నేల మీద నిలబడి చేతితో కోసుకునేలా దీన్ని ఎన్నేళ్లయినా ఉంచవచ్చు. ఇంటి పెరట్లో అంతకన్నా సౌకర్యం మరొకటి లేదు. అంటు మొక్క రెండు, మూడో ఏటికే కాపుకు వస్తుంది.

జామ ఏడాదిలో ఒకటికి మించిన కాపులు ఇవ్వగలదు, కానీ అన్నీ సమానం కావు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన పూత వానల్లో కాయ అవుతుంది. ఆ కాయ నీరుబట్టి చప్పగా ఉండడమే కాక, పండు ఈగ ఎక్కువగా ఆశించేది కూడా దాన్నే. జూన్, జులై, ఆగస్టు నెలల్లో వచ్చిన పూత నవంబరు నుంచి జనవరి దాకా పండుతుంది. తీపి, వాసన, నిల్వ గుణం మూడూ అందులోనే ఉంటాయి. కనుక ఏప్రిల్ నెలలో నీళ్లు బాగా తగ్గించి, అప్పటికే వచ్చిన పూతను, పిందెలను తుంచివేసి, మే నెలలో కొమ్మల చివరలను అడుగు మేర కత్తిరించి, జూన్ మొదట్లో పాదు తవ్వి ఎరువు వేసి నీరు కట్టడం మంచిది. వానకాలపు కాయలను వదులుకోవడానికి మనసొప్పక చాలామంది ఈ పని చేయరు. ఒక్క ఏడాది చేసి చూసినవారు మళ్లీ మానరు.

పండు ఈగ తల్లి పురుగు కాయ రంగు మారే వేళకు తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైకి సూదిమొన గుచ్చినంత చుక్క మాత్రమే కనిపిస్తుంది, కోసి చూస్తే లోపల తెల్లని పురుగులు కదులుతుంటాయి. కాయ నిమ్మకాయంత సైజులో ఉండగానే పల్చటి గుడ్డ సంచి తొడిగి కట్టేస్తే ఈగకూ, చిలుకలకూ, ఉడతలకూ కూడా అడ్డుకట్ట పడుతుంది. పది ఇరవై కాయల చెట్టుకు ఇంతకు మించిన మందు అక్కరలేదు. కాయలు ఎక్కువైతే మిథైల్ యూజినాల్ ఎర పెట్టిన బుట్టలను చెట్టుకు వేలాడదీయవచ్చు, అయితే అవి మగ ఈగలనే ఆకర్షిస్తాయి కనుక ఆ ఒక్కదానితోనే సరిపోదు. రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి రెండడుగుల లోతున పూడ్చాలి. వాటిని చెట్టు కిందే కుళ్లనిస్తే లోపలి పురుగులు మట్టిలోకి దిగి మళ్లీ ఈగలై లేస్తాయి.

రకాల్లో అలహాబాద్ సఫేదా తెల్లని మెత్తని గుజ్జుతో ఉంటుంది. లక్నో-49 కూడా తెల్ల గుజ్జుదే, చెట్టు కొమ్మలు పక్కలకు సాగుతాయి, కాపు బాగా ఇస్తుంది. ఎర్ర గుజ్జు కావాలనుకునేవారికి బెంగళూరు భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్క కిరణ్ గానీ, లక్నో నుంచి వచ్చిన లలిత్ గానీ బాగుంటాయి. ఇప్పుడు నర్సరీల్లో ఎక్కడ చూసినా కనిపించేది తైవాన్ పింక్. నాటిన ఏడాదికే కాయడం, కాయ పెద్దదిగా ఉండడం దాని ఆకర్షణలు. రుచిలో మాత్రం చలికాలపు సఫేదాకు అది సాటి రాదని నా అభిప్రాయం. పైగా ఆ మొక్కల వేర్లతో నులిపురుగులు పెరట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. కొనేముందు సంచి అడుగున బయటకు వచ్చిన వేరును చూడాలి. వేరు మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటే ఆ మొక్కనే కాదు, ఆ వరుసలోని ఏ మొక్కనూ తీసుకోకూడదు.

నిమ్మ

జామ కాపు ఒక కాలానిది, నిమ్మ అవసరం రోజువారీది. ఆరోగ్యంగా ఉన్న ఒక్క చెట్టు నలుగురున్న ఇంటికి పప్పులోకి, పులిహోరలోకి, వేసవి మజ్జిగలోకి సరిపోగా ఏడాదికి ఒక జాడీ ఊరగాయకు కూడా కాయలిస్తుంది. జామతో పోలిస్తే ఇది సున్నితమైన చెట్టు. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, కాండం మొదట్లో బంక కారుతుంది. నీరు ఎండిపోతే పిందె రాలుతుంది. ముళ్లు ఉంటాయి కనుక చిన్నపిల్లలు తిరిగే దారి పక్కన పెట్టకూడదు. ఇవి ఒప్పుకోగలిగితే, ఎనిమిది పది అడుగుల ఖాళీలో ఇంతటి ఉపయోగం ఇచ్చే చెట్టు మరొకటి లేదు.

నిమ్మలో గింజ మొక్కకూ అంటు మొక్కకూ మధ్య ఎంపిక మామిడిలో ఉన్నంత కీలకం కాదు. నిమ్మ గింజలో ఒకటికి మించిన పిండాలు ఉండి, వాటిలో ఎక్కువ భాగం తల్లి గుణాలతోనే మొలుస్తాయి. అందువల్ల మంచి చెట్టు గింజతో పెంచిన మొక్క కూడా దాదాపు తల్లి కాయలనే ఇస్తుంది, కాకపోతే కాపుకు ఏడాదో రెండేళ్లో ఆలస్యమవుతుంది. రకం విషయంలో నేను వెతికి తెచ్చుకోమనేది తిరుపతి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన బాలాజీ నిమ్మను. నిమ్మను అన్నిటికన్నా ఎక్కువగా వేధించే గజ్జి తెగులును అది బాగా తట్టుకుంటుంది. నెల్లూరు ప్రాంతంలో పెట్లూరు సెలెక్షన్-1 కూడా దొరుకుతుంది. గింజ లేని నిమ్మ అని అమ్మే రకం కాయ పెద్దది, రసం ఎక్కువ, గజ్జి తక్కువ. అయితే ఊరగాయకు తొక్క పల్చగా, ఘాటుగా ఉండే మన నాటు నిమ్మే మేలు.

గజ్జి తెగులు సోకిన ఆకు మీద గోధుమ రంగు గరుకు మచ్చలు, వాటి చుట్టూ పసుపు వలయాలు కనిపిస్తాయి. ఇది బ్యాక్టీరియా వల్ల వస్తుంది, వాన చినుకులతో వ్యాపిస్తుంది. లేత ఆకులో తెల్లని వంకర గీతలు గీసే ఆకుముడత పురుగు చేసిన గాయాల గుండా సులువుగా లోపలికి దిగుతుంది. కాబట్టి వానలకు ముందు మచ్చలున్న కొమ్మలను కత్తిరించి కాల్చివేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీ క్లోరైడ్ కలిపి పిచికారీ చేయాలి. కొత్త చిగురు మీద వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్ల చొప్పున, కొద్దిగా సబ్బు నీరు కలిపి కొడితే పురుగు అదుపులో ఉంటుంది.

లేత ఆకుల మీద పిట్ట రెట్ట పడినట్టుగా నలుపు తెలుపు కలిసిన చిన్న పురుగు కదలకుండా కూర్చుని ఉంటుంది. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగు. పెరిగాక ఆకుపచ్చగా మారి, రెండు మూడు రోజుల్లో చిన్న మొక్కను మోడు చేయగలదు. కరివేపాకు కూడా నిమ్మ కుటుంబానికి చెందినదే కనుక ఆ పురుగు దాని మీద కూడా బతుకుతుంది. పెరట్లో ఆ రెండూ ఉన్నవారు రెండింటినీ కలిపి వెతికి, చేత్తో ఏరివేయాలి. ఎదిగిన చెట్టుకు ఈ బెడద పెద్ద లెక్కలోది కాదు.

సపోటానా, మామిడా?

నీడనిచ్చే పెద్ద చెట్టు కావాలనుకునే ఇళ్లలో అసలు పోటీ ఈ రెండింటి మధ్యనే ఉంటుంది. ఇరవై అడుగులకు మించి ఖాళీ ఉన్నప్పుడు నేను సపోటా వైపే మొగ్గుతాను. ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, ఆకు తక్కువ రాలుస్తుంది, చీడపీడలు తక్కువ, ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక కొమ్మన కాయ ఉంటుంది. ఎదుగుదల నెమ్మది కనుక మొదటి నాలుగైదేళ్లు ఓపిక పట్టాలి, అయితే ఆ నెమ్మది వల్లే చిన్న స్థలంలో దాన్ని అదుపులో ఉంచడం సులువు.

ఆంధ్ర, తెలంగాణల్లో పాల, కాలీపత్తి, క్రికెట్ బాల్ రకాలు ఎక్కువగా దొరుకుతాయి. ఇంటికి పాల గానీ కాలీపత్తి గానీ తీసుకోవాలి. పాల రకం కాయ చిన్నది, కోలగా ఉంటుంది, గుత్తులుగా కాస్తుంది, తీపి ఎక్కువ. క్రికెట్ బాల్ కాయ చూడడానికి పెద్దది, కానీ రుచి సాధారణం, పైగా పక్కన వేరే రకం చెట్టు లేకుండా ఒంటరిగా ఉంటే కాపు తక్కువగా వస్తుంది. సపోటాను పాల చెట్టు అనే అడవి జాతి మొక్క మీద అంటు కడతారు, ఇది పైన చెప్పిన పాల రకం సపోటా కాదు. అంటు కింద నుంచి లేచే చిగుళ్లు ఆ అడవి మొక్కవి. వాటిని ఎప్పటికప్పుడు గిల్లివేయకపోతే కొన్నేళ్లకు మిగిలేది పాల చెట్టే, సపోటా కాదు.

సపోటాను ఎప్పుడు కోయాలన్నది చాలా ఇళ్లలో తేలని ప్రశ్న. కాయ రంగు మొదటి నుంచీ గోధుమే కనుక కంటికి తేడా తెలియదు. కాయ మీది పొట్టు వేలితో రుద్దితే రాలిపోవాలి. గోటితో సన్నగా గీరి చూడాలి. గీత ఆకుపచ్చగా కనిపించి పాలు చిమ్మితే ఇంకా ఆగాలి, పాలు రాక పసుపుపచ్చగా కనిపిస్తే కోసి, మూడు నాలుగు రోజులు గదిలో ఉంచితే చక్కగా మగ్గుతుంది. తొందరపడి కోసిన కాయ ఎన్నాళ్లు దాచినా వగరుగానే ఉండిపోతుంది.

మామిడి విషయానికి వస్తే, మనసు ఒకటి చెబుతుంది, స్థలం మరొకటి చెబుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి, నూజివీడు రసాలు, ఉత్తరాంధ్ర సువర్ణరేఖ వంటి పండ్లున్న నేల మీద మామిడి వద్దనడం నాకూ కష్టమే. అయినా రెండు వందల గజాల ఇంట్లో బంగినపల్లి పెద్ద చెట్టై, ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది మొండికేస్తుంది. డిసెంబరు, జనవరిలో పూతకు తేనెమంచు పురుగు, బూడిద తెగులు పడితే పిచికారీ తప్పదు. గాలివాన వస్తే మే నెలలో సగం కాయ నేల పాలవుతుంది. ఇరవై అడుగుల ఎత్తు చెట్టుకు ఇంటివారు మందు కొట్టడం సాధ్యమయ్యే పని కాదు.

మామిడి తప్పనిసరి అనుకునేవారు ఆమ్రపాలిని తెచ్చుకోవాలి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ దశేరి, నీలం రకాలను సంకరం చేసి విడుదల చేసిన ఈ రకం పొట్టిగా పెరుగుతుంది, ఏటా కాస్తుంది, తోటల్లో దీన్ని ఎనిమిది అడుగుల ఎడంతోనే నాటతారు. కాయ చిన్నది, గుజ్జు నారింజ రంగులో గాఢమైన తీపితో ఉంటుంది. అదే జంటను తిరగేసి చేసిన మల్లిక పండు పెద్దది, రుచి ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం, కాకపోతే చెట్టు కాస్త పెద్దదవుతుంది. ఏ రకమైనా కాయలు కోసిన వెంటనే, జులై దాటకుండా కొమ్మలు కత్తిరించాలి. మామిడి ముదిరిన కొమ్మ చివర పూస్తుంది కనుక అక్టోబరులో కత్తిరిస్తే ఆ ఏటి పూతను మన చేత్తో మనమే తీసేసినట్టే. కాపుకొచ్చిన చెట్టుకు అక్టోబరు నుంచి పూత వచ్చే దాకా నీళ్లు ఆపి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. ఏడాది పొడవునా పచ్చిక మడికి నీళ్లు పెట్టే చోట, అదే తడిలో నాటిన మామిడి చిగుళ్లు వేస్తూనే ఉండి పూతను మరచిపోవడానికి కారణం ఇదే.

నీళ్లు తక్కువైన చోట

వేసవిలో ఇల్లు తాళం వేసి ఊరెళ్లేవారికీ, ట్యాంకరు నీటి మీద ఆధారపడినవారికీ సీతాఫలం తగిన చెట్టు. రాళ్లురప్పల నేలలో, గుట్టల మీద ఎవరూ నీరు పోయకుండానే పెరిగే జాతి ఇది. ఎండాకాలం వచ్చేసరికి ఆకు రాల్చి తన అవసరాన్ని తానే తగ్గించుకుంటుంది, తొలకరికి మళ్లీ చిగురించి పూస్తుంది. మేకలు కూడా దీని ఆకు ముట్టవు. మహబూబ్‌నగర్ ప్రాంతానికి చెందిన బాలానగర్ రకం గుజ్జుకూ తీపికీ పేరుపడింది, గింజలు మాత్రం ఎక్కువే.

పూత నిండుగా ఉన్నా కాయ నిలవకపోవడం ఒంటరి సీతాఫలం చెట్టుకు మామూలే. పువ్వులో ఆడ భాగం ముందు, పుప్పొడి తర్వాత సిద్ధమవుతాయి కనుక ఒకే పువ్వులో రెండూ కలవవు. పూర్తిగా విచ్చుకున్న పువ్వు నుంచి పుప్పొడిని చిన్న కుంచెతో తీసి, సగం విచ్చుకున్న పువ్వు మధ్యలో తెల్లవారుజామున రాస్తే కాయలు బాగా నిలుస్తాయి. కాయ కళ్లు విచ్చుకుని, వాటి మధ్య సందులు లేత పసుపు రంగుకు తిరిగినప్పుడు కోయాలి.

దానిమ్మను అనంతపురం వంటి పొడి జిల్లాల్లో పెంచవచ్చు. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కనుక కాయ మీద మచ్చ తెగులు వదలదు. ఎక్కడైనా సరే, వారం రోజులు నీళ్లు మరచి ఒక్కసారిగా తడిపితే కాయ పగులుతుంది.

ఏడాదిలోపు పండు కావాలంటే

అంటు మొక్క కాపుకు వచ్చేలోగా దాని పక్కన బొప్పాయి, అరటి పెట్టుకోవడం మంచి పద్ధతి. బొప్పాయి తొమ్మిది పది నెలల్లో పండు ఇస్తుంది. రెడ్ లేడీ విత్తనంలో మగ మొక్కలు రావు కనుక ఒకటి రెండు మొక్కలే నాటేవారికి అది నయం, నాటు రకమైతే గుంతకు మూడు మొక్కలు నాటి, పూత చూశాక ఒకటి ఉంచాలి. ఆకులు మచ్చలు పడి, ముడుచుకుని, కాయ మీద ఉంగరాల గుర్తులు కనిపిస్తే అది పేనుబంక మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు, మొక్కను పీకేయాలి.

అరటికి వంటింటి నీరు పారే చోటు సరిపోతుంది. కర్పూర చక్కెరకేళి మొండి రకం, ఇంటికి అదే మేలు. అమృతపాణి పండు అమోఘమే కానీ ఎండు తెగులుకు తేలికగా లొంగిపోతుంది. సన్నని కత్తిలాంటి ఆకులున్న సూది పిలకను నాటాలి, వెడల్పాటి ఆకుల నీటి పిలక బలహీనం. తల్లి చెట్టు పక్కన ఒక్క పిలకను మాత్రమే ఉంచి మిగిలినవి తీసేస్తే గెల బరువుగా వస్తుంది.

మిద్దె మీదైతే

నేల లేని ఇళ్లలో మిద్దె తోటే దారి. అక్కడ ఎంపిక ఇంకా కుదించుకోవాలి. సగానికి కోసిన రెండు వందల లీటర్ల డ్రమ్ములో మట్టి తడిస్తే నూట యాభై కిలోల వరకూ బరువు ఉంటుంది. కనుక వాటిని స్లాబు మధ్యలో కాక పిల్లర్లు, బీముల మీద వచ్చేలా గోడ వెంబడి పెట్టాలి. మట్టిలో మూడో వంతు కొబ్బరి పొట్టు, మరో మూడో వంతు వానపాముల ఎరువో మాగిన పశువుల ఎరువో కలిపితే బరువు తగ్గుతుంది, నీరు నిలవదు. డ్రమ్ములో జామ, నిమ్మ, అంజూర, డ్రాగన్ ఫ్రూట్ బాగా కాస్తాయి. మామిడి బతుకుతుంది, కాయదని కాదు, కానీ అంత శ్రమకు నాలుగైదు కాయలు నాకు తగిన ప్రతిఫలంగా అనిపించవు. మే నెలలో డ్రమ్ము గోడలు కాలి వేర్లు దెబ్బతింటాయి కనుక పడమటి వైపు షేడ్ నెట్ కట్టడం, పైన ఎండుటాకులు కప్పడం, ఉదయం సాయంత్రం రెండు పూటలా నీళ్లు పోయడం తప్పదు. ఏటా తొలకరికి ముందు పైన మూడు నాలుగు అంగుళాల మట్టి తీసి కొత్త ఎరువు నింపాలి.

మొక్క కొనేటప్పుడు, నాటేటప్పుడు

తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి మొక్కలు రెండు రాష్ట్రాల ఊళ్లన్నిటికీ చేరుతాయి. ఎక్కడ కొన్నా చూడవలసినవి మాత్రం అవే. మామిడి, సపోటా, జామల్లో అంటు మొక్కే తీసుకోవాలి. కాండం మీద నేలకు అర అడుగు, ముప్పావు అడుగు ఎత్తున అంటు కట్టిన వంకర స్పష్టంగా కనిపించాలి, అక్కడ రెండు భాగాలూ దాదాపు ఒకే లావున ఉండాలి. గింజ మొక్కను అంటు మొక్కగా అమ్మితే ఈ ఒక్క గుర్తుతోనే దొరికిపోతుంది. జామలో గాలి అంటు మొక్కకు ఈ వంకర ఉండదు, అది తల్లి కొమ్మకే వేరు పుట్టించి తీసినది కనుక నిక్షేపంగా తీసుకోవచ్చు. ఆరడుగుల ఎత్తు మొక్క కన్నా రెండు మూడు అడుగుల ఎత్తున్న ఏడాది వయసు మొక్క త్వరగా నాటుకుంటుంది. కాయ ఉన్న మొక్కకు ఎక్కువ ధర పెట్టవద్దు.

గుంతను ఏప్రిల్, మే నెలల్లోనే తవ్వి ఎండనివ్వాలి. జామ, నిమ్మ, సీతాఫలాలకు అన్ని వైపులా రెండడుగులు, మామిడి, సపోటాలకు మూడడుగులు ఉండాలి. పైమట్టిలో రెండు మూడు గంపల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపి, రెండు వానలు పడి మట్టి కుదురుకున్నాక నాటాలి. తెలంగాణలో, కోస్తాలో ఇందుకు జూన్ చివర నుంచి ఆగస్టు దాకా అనువైన కాలం, ఈశాన్య వానల మీద ఆధారపడే నెల్లూరు, తిరుపతి వైపు అక్టోబరు. అంటు ముడి నేలకు పైనే ఉండాలి. దాని చుట్టూ ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే బ్లేడుతో కోసి తీసేయాలి, లేకపోతే కాండం లావెక్కే కొద్దీ అది గొంతు నొక్కుతుంది. గాలికి ఊగకుండా కర్ర పాతి వదులుగా కట్టాలి. పాదును కాండానికి ఆనించకుండా అడుగు దూరంగా వలయంలా వేసి, ఎండుటాకులు కప్పాలి. మామిడి, సపోటా, నిమ్మలకు మొదటి రెండేళ్లు, జామకు మొదటి ఏడాది వచ్చిన పూతనంతా తుంచివేసి, కొమ్మలు బలపడిన తర్వాతి ఏటి నుంచి కాయలు ఉంచుకోవాలి.